చేన్లో నీళ్ళున్నా పత్తి వడలిపోతోందేం?

ప్రశ్న: సార్, మాది ఆదిలాబాద్ జిల్లా, నల్లరేగడి నేల. వారం ముసురుకి చేన్లో నీళ్ళు నిలిచిపోయాయి. నిన్న ఎండ కాసేసరికి పత్తి చెట్లు తలలు వాల్చేశాయి. చెట్ల మొదళ్ళ దగ్గర అన్ని నీళ్ళుండగా వడలడమేంటి? మందుల షాపాయన యూరియా చల్లమంటున్నాడు, చల్లమంటారా?

జవాబు: ఇప్పుడే చల్లకండి. దాన్ని తీసుకునే స్థితిలో వేరు లేదు, డబ్బులు దండగ.

వేరు కొసల దగ్గర సన్నటి నూగు ఉంటుంది కదా, స్కూల్లో మూలకేశాలని చదువుకున్నాం, నీళ్ళు ఎక్కువగా వెళ్ళేది అక్కడినుంచే. మట్టినీటి కంటే వేరు కణాల్లో లవణాలు, చక్కెరలు ఎక్కువ, అందుకే నీళ్ళు వాటంతటవే లోపలికొస్తాయి, పైనుంచి ఆకులు ఆవిరి వదులుతూ లాగుతుంటాయి కూడా. పోషకాల సంగతి అలా కాదు. నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాష్ మట్టినీటిలో బాగా పలచన, వేరు లోపలే చిక్కన, అందుకని వాటిని లోపలికి ఎక్కించడానికి ఎనర్జీ కావాలి, ఎనర్జీ కావాలంటే వేరు ఊపిరి తీసుకోవాలి, అంటే మట్టి సందుల్లో గాలి ఉండాలి. మీ చేన్లో ఆ సందులన్నీ నీళ్ళే. నీళ్ళలో ఆక్సిజన్ కదలడం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మది, పైగా నల్లరేగడి నీటిని ఓ పట్టాన వదలదు. మోటారుంది, కరెంటు లేదన్నమాట.

నీళ్ళు వాటంతటవే వస్తాయన్నారుగా అంటారేమో. వస్తాయి, కానీ కణాల పొరల్లో ఆక్వాపోరిన్లని నీటి దారులుంటాయి, ఆక్సిజన్ అందక కణంలో ఆమ్లం పెరిగితే అవి మూసుకుపోతాయి. ముసురులో ఆకు ఆవిరి వదిలేది తక్కువ కాబట్టి మీకు తేడా తెలీలేదు, ఎండ రాగానే బయటపడింది. వరికి ఈ బాధ లేదు, దాని కాండంలో, వేర్లలో గాలి గదులుంటాయి, పైనుంచి గాలి కిందికి దిగుతుంది. పత్తికి ఆ ఏర్పాటు లేదు.

ముందు కాలవలు తీసి నీళ్ళు బయటికి పంపండి, మిగతాదంతా తర్వాతే. నిలిచిన నీళ్ళలో నైట్రేట్ కొంత కిందికి దిగిపోతుంది, కొంత బ్యాక్టీరియా వల్ల గాలిలో కలిసిపోతుంది, అందుకే చెట్టు ఆకలి మీద ఉంటుంది. వేరు కోలుకునే లోపు ఆకుల మీద ఇవ్వడమే దారి: లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గానీ, 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) గానీ కలిపి స్ప్రే చేయండి.

ఒక్క అనుమానం తీర్చుకోండి. వడలిన చెట్టొకటి పీకి కాండం చీల్చి చూడండి, లోపల గోధుమరంగు చారలుంటే అది ఎండుతెగులు కావచ్చు, అప్పుడు ఈ స్ప్రేలు పనిచెయ్యవు, ఆ చెట్టు పట్టుకుని దగ్గర్లో వ్యవసాయాధికారిని కలవండి.