నాలుగు రంగుల మిషన్ కంటే ముందు కటింగ్ మిషన్: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ చేసిన వ్రతం రోజు నువ్వు బ్యాంకు లోన్ సంగతి ఎత్తావు. పంక్తిలో కూర్చొని తేల్చే విషయం కాదని ఊరుకున్నాను. హన్మకొండలో ఐదేళ్లుగా డీటీపీ దుకాణం పెట్టి, అచ్చుకు వెళ్లే పేజీలు కంప్యూటర్లో తయారుచేస్తున్నవాడికి నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చు మిషన్ మీద మనసు పోవడం తప్పేమీ కాదు. కానీ నువ్వు ముందు కొనాల్సింది కటింగ్ మిషన్. నవ్వకు, చెప్తాను.

మా చిన్నప్పుడు పెద్దవాళ్లు ఇనుగుర్తి ముచ్చట చెప్పేవారు. ఒద్దిరాజు సోదరులు 1922లో ఆ ఊరి నుంచే 'తెనుగు పత్రిక' నడిపారు. రాసేది వాళ్లే, అచ్చు వేసేది వాళ్లే. వాళ్లకు అచ్చు వేయాల్సిన పని ఉంది కాబట్టి ప్రెస్సు పెట్టుకున్నారు. నేను చేసింది ఉల్టా.

1981లో ఒక ట్రెడిల్‌తో, అంటే కాలితో తొక్కే అచ్చు మిషన్‌తో మొదలుపెట్టాను. ఇంగ్లిష్ సీసపు అక్షరాలకు రెండు కేసులు, అంటే అరల పెట్టెలు చాలు, మన గుణింతాలకూ వత్తులకూ గోడ పొడుగునా కేసులే. పదమూడేళ్లు బాగానే నడిచింది. 1994లో పక్క ప్రెస్సువాడు మినీ ఆఫ్‌సెట్ దించాడని నేనూ ఫైనాన్స్‌లో ఒకటి దించాను. ఆ ఎండాకాలం పెళ్లి కార్డులతో రాత్రింబవళ్లు తిరిగింది. తర్వాత ఆషాఢం వచ్చింది, ఆ వెనకే మూఢం. మిషన్ మీద దుప్పటి కప్పి కూర్చున్నాను. మూఢానికి పెళ్లిళ్లు ఆగుతాయి గానీ కిస్తీ ఆగదు కదా. మీ అత్త గాజులు అప్పుడే పోయాయి.

నన్ను ఒడ్డున పడేసింది వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్. పత్తి, మిర్చి సీజన్లలో అడ్తిదారులకు, అంటే కమీషన్ వ్యాపారులకు బిల్లు బుక్కులు, రైతుకిచ్చే తక్‌పట్టీల చీటీలు కావాలి. అందులో రంగులు లేవు, అందం లేదు. కానీ ఏటా అదే గిరాకి అదే పని పట్టుకొని వస్తాడు. బిల్లు బుక్కులో అచ్చు పావు వంతు పనే. నంబర్ వేయాలి, చిల్లుల గీత కొట్టాలి, పిన్ను కొట్టి అట్ట వేయాలి, చివరికి మూడు వైపులా కోయాలి. ఆ కోత కోసం నేను పక్క బజారులో రోజుల తరబడి కాచుకునేవాణ్ని. అచ్చు నా దగ్గర సాయంత్రానికి అయిపోయేది, సరుకు మాత్రం నాలుగో రోజుకు చేతికొచ్చేది. తిట్లు నాకే.

అందుకే అంటున్నాను, ప్రింటింగ్ బయట చేయించుకోవచ్చు. ప్లేట్లు, అంటే పేజీ దిగిన అచ్చు రేకులు పంపితే నాలుగు రంగులు వేసిచ్చే మిషన్లు ఊళ్లో చాలా ఉన్నాయి, సగం రోజులు ఖాళీగానే ఉంటాయి. కోత, బైండింగ్ నీ చేతిలో ఉంటే డెలివరీ తారీఖు నీ చేతిలో ఉన్నట్టే.

కోత తెలిస్తే కాగితం లెక్క కూడా తెలుస్తుంది. డెమీ షీటు 18 x 23 అంగుళాలు. గిరాకి వచ్చి కరపత్రం 6 x 9 కావాలంటాడు. ఆ కొలతకు అడ్డం, నిలువు కలిపి కోసినా షీటుకు ఏడే ముక్కలు పడతాయి. పావు అంగుళం తగ్గించి 5.75 x 9 చేద్దామని ఒప్పించావనుకో, ఎనిమిది పడతాయి. నాలుగు వేల కరపత్రాలకు మొదటి లెక్కలో 572 షీట్లు, రెండో లెక్కలో సరిగ్గా ఒక రీము, అంటే 500. పాడయ్యే షీట్లు వేరే. పావు అంగుళం ఎవరి కంటికీ ఆనదు, 72 షీట్లు మాత్రం నీ గల్లాలో కనిపిస్తాయి.

ఇంకో సంగతి. ఆఫ్‌సెట్‌లో ఐదు వందలు వేసినా ఐదు వేలు వేసినా ప్లేట్ల ఖర్చు, రంగులు కుదిరేదాకా పోయే కాగితం దాదాపు ఒక్కటే. నీ దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువమంది రెండు వందల, మూడు వందల కాపీలు అడిగేవాళ్లే. వాటికి ప్లేట్లు లేకుండా కంప్యూటర్ నుంచి నేరుగా వేసే డిజిటలే మేలు. నెలలో వేలల్లో పడే ఆర్డర్లు ఎన్ని వచ్చాయో నీ బిల్లులే చెప్తాయి, మిషన్ అమ్మేవాణ్ని అడగకు.

ఇక తప్పుల గురించి. ఒకసారి నంబరింగ్ మిషన్‌లో చక్రం పట్టేసి 451 నుంచి కొంతదూరం అవే నంబర్లు మళ్లీ పడ్డాయి. నేను చూసుకోలేదు. ఆ అడ్తిదారు లెక్కల్లో ఒకే నంబరుతో రెండేసి బిల్లులు తేలాయి. యాభై బుక్కులు నా కాగితంతో మళ్లీ వేసిచ్చాను. అప్పటి నుంచి ప్రతి వందకూ ఒక షీటు తీసి చూస్తాను. ప్రూఫ్ మీద, అంటే తప్పులు చూసుకోమని గిరాకికి ఇచ్చే నమూనా మీద సంతకం లేకుండా మాత్రం ఏదీ మిషన్ ఎక్కించకు. 'ఫోన్‌లో చూశాను, ఓకే' అంటే కుదరదని చెప్పు.

కంప్యూటర్ వచ్చాక సీసపు అక్షరాలు పేర్చే మా కంపోజిటర్‌ను అందరూ తీసేయమన్నారు. ముప్ఫై ఏళ్లు అద్దంలో చూసినట్టు తిరగబడిన అక్షరాలు చదివిన మనిషి. ప్రూఫులు దిద్దమని కూర్చోబెట్టాను. ఆయన దాటించిన తప్పు నాకు గుర్తులేదు. నీ దగ్గర డిజైన్ చేసే పిల్లలకు చేయి బాగుంది గానీ వత్తులు చూసే కన్ను లేదు. అలాంటి ఒక పెద్దమనిషిని వెతుక్కో.

కాలేజీల ప్రశ్నపత్రాలు పడితే పాడైన షీట్లు కూడా లెక్కపెట్టి, నీ ఎదుటే చింపించు. ఎలక్షన్ కరపత్రాలు వస్తే ఎంత దోస్తైనా సరే, ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, అడ్రసులు లేకుండా వేయకు. వేయించేవాడి డిక్లరేషన్ మీద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. అచ్చయ్యాక ఒక కాపీ కలెక్టరుకు పంపాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ కింద తప్పితే ఆరు నెలల దాకా జైలు, 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఎలక్షన్ పనికి ఉద్దెర అసలే వద్దు. ఓడినవాడు దొరకడు, గెలిచినవాడు గుర్తుపట్టడు.

ఒకాయన కటింగ్ మిషన్ అమ్ముతున్నాడని తెలిసింది. ఆదివారం రా, ఇద్దరం వెళ్దాం. బ్లేడు, బిగింపు నేను చూస్తాను, బేరం నువ్వు చేద్దువు. గత ఆరు నెలల నీ బిల్లు బుక్కులు వెంట తీసుకురా. బ్యాంకు కాగితాల మీద మాత్రం అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ మామ