'సెర్చింగ్' చూశాక పాస్‌వర్డ్‌లు అడగాలా?

ప్రశ్న: అనీష్ చాగంటి తీసిన 'సెర్చింగ్' ఈ మధ్యే చూశాను. కూతురు కనిపించకుండా పోతే తండ్రి ఆమె ల్యాప్‌టాప్ తెరిచి ఆచూకీ వెతకడమే కథ. సినిమా అంతా కంప్యూటర్, ఫోన్ స్క్రీన్ల మీదే నడుస్తుంది. అప్పటి నుంచి ఇంటర్ చదివే మా అమ్మాయి ఫోన్ పట్టుకుంటే నాకు టెన్షన్. పాస్‌వర్డ్‌లన్నీ అడిగి తీసుకోనా?
– ఓ తల్లి, విజయనగరం

జవాబు: వద్దమ్మా. ఆ సినిమా చెప్పేది పాస్‌వర్డ్‌ల సంగతి కాదనే నా నమ్మకం.

సినిమాలో తండ్రి డేవిడ్ కంప్యూటర్ తెలియనివాడు కాదు. ఒక అకౌంట్ తెరవడానికి ఇంకో మెయిల్ కావాలంటే అదీ తెరుస్తాడు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. పియానో క్లాసుకని వారం వారం ఇచ్చిన 100 డాలర్లు టీచర్‌కు చేరనే లేదు. కూతురు మార్గో ఎప్పుడో క్లాసు మానేసింది. ఆమె స్నేహితులనుకున్నవాళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేస్తే, మేమంత క్లోజ్ కాదంటారు. ఇవన్నీ అదే ఇంట్లో, పక్క గదిలో ఉన్న పిల్ల సంగతులు!

నేను ఆ సినిమాను ల్యాప్‌టాప్‌లోనే చూశాను. అందులో మెసేజ్ శబ్దం వస్తే నా చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. మొదట్లో తల్లి జబ్బు కథ గుర్తుందా? 'అమ్మ ఇంటికొస్తుంది' అని కూతురు క్యాలెండర్‌లో రాసుకున్న తేదీని వాయిదా వేస్తుంది, ఆఖరికి తీసేస్తుంది. ఒక్క మాట లేకుండా చావు కబురు చెప్పారు. తర్వాత తండ్రి, నిన్ను చూస్తే గర్వంగా ఉందని కూతురికి మెసేజ్ పెడతాడు. అమ్మ ఉన్నా గర్వపడేదని టైప్ చేసి, ఆగి, తుడిచేస్తాడు. ఆ తుడిచేసిన ముక్క మనకు కనిపిస్తుంది, కూతురికి కనిపించదు. నా దృష్టిలో సినిమాలో అసలు మిస్టరీ అదే. తల్లి పోయాక ఆ ఇంట్లో ఆమె గురించి మాట్లాడుకోవడం ఆగిపోయింది. ఆ పిల్ల ఎవరో తెలియని మనిషితో ఆన్‌లైన్‌లో గోడు చెప్పుకుంది.

కంప్యూటర్‌దే తప్పని కూడా ఈ సినిమా అనదు. ఆ తెలియని మనిషి దొంగ ఫొటో పెట్టి నమ్మించడానికి పనికొచ్చిన ఇంటర్నెట్టే ఆ ఫొటో ఎవరిదో కూడా పట్టిస్తుంది. కాకపోతే జనాన్ని చూస్తే నాకు కోపం వచ్చింది. మార్గోతో పెద్దగా స్నేహం లేదన్న అమ్మాయే తర్వాత కెమెరా ముందు ఏడుస్తుంది. తండ్రే ఏదో చేసుంటాడని ముక్కూమొహం తెలియనివాళ్లు తీర్పులు రాసేస్తారు. 2018లో వచ్చిన సినిమా ఇది. ఇవాళ మన ఊళ్లలో ఏ ఆడపిల్ల కనిపించకుండా పోయినా వాట్సాప్ గ్రూపుల్లో జరిగేది ఇదేగా!

మీ అమ్మాయికి ఈ సినిమా చూపించండి, పక్కన మీరూ కూర్చోండి. అయ్యాక, నీకేదైనా కష్టమొస్తే ముందు ఎవరికి చెబుతావని అడగండి. మీ పేరు రాకపోయినా కోప్పడకండి. ఎందుకని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. ఎవరైనా ఫొటోలు అడిగినా, డబ్బు అడిగినా, ఇంట్లో చెప్పొద్దన్నా వెంటనే మీ దగ్గరికి రావచ్చని, తిట్టనని ఆ రోజే మాటివ్వండి.