కొత్త సామాన్లు వేశాక స్టీరింగ్ తిరిగి రావట్లేదా? ముందు బిగుతు ఎక్కడుందో పట్టుకోండి

మీరు చెప్పింది ఇదీ: 2013 స్విఫ్ట్. స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలని మళ్లించేది), రెండు టై రాడ్ ఎండ్లు (బాక్స్ నుంచి చక్రాలకి వెళ్లే కడ్డీల చివరి జాయింట్లు), రెండు లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చేతులు) మార్పించారు. అప్పట్నుంచి మలుపు తిరిగాక చెయ్యి వదిలితే స్టీరింగ్ ఎక్కడిదక్కడే ఉండిపోతోంది, మీరే తిప్పి స్ట్రెయిట్ చేసుకోవాల్సి వస్తోంది. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా మార్పు లేదు. మెకానిక్ మాత్రం "కొత్త సామాను కదా, తిరిగేకొద్దీ ఫ్రీ అవుద్ది" అంటున్నాడు.

మూడోసారి అలైన్‌మెంట్‌కి డబ్బులు పోయకండి. ఫ్రీ అవుతుందని ఎదురు చూడకండి కూడా. కొత్త బాల్ జాయింటు (గిన్నెలో గుండులా తిరిగే కీలు) మొదట్లో కాస్త గట్టిగా ఉండడం మామూలే, కానీ రోడ్డు మీద స్టీరింగ్‌ని ఆపేసేంత గట్టిగా ఉండదు.

స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడానికి ముఖ్యమైన బలం క్యాస్టర్ కోణం నుంచి వస్తుంది. చక్రం ఎడమకీ కుడికీ మళ్లే ఇరుసు పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, బండి ముందుకి కదిలితే చక్రం సూటిగా సర్దుకుంటుంది. ఆ బలం మరీ ఎక్కువేం కాదు. చక్రం నుంచి మీ చేతిదాకా ఉన్న దారిలో ఒక్క జాయింటు పట్టేసినా చాలు, అక్కడే ఆగిపోతుంది. మీ బండికి అలైన్‌మెంట్ షాపులో సర్దగలిగేది ముఖ్యంగా టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది. క్యాస్టర్ సర్దడానికి విడిగా బోల్టు లేదు. పైగా ఆ మెషిన్ చూపించేది కోణాలని, బిగుతుని కాదు. అందుకే రిపోర్టులో అంకెలన్నీ సరిగ్గా ఉన్నా స్టీరింగ్ మాత్రం రాదు.

కాబట్టి చేయాల్సింది విడదీసి చూడడం. ముందు టైర్లలో గాలి, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత ఉందో లేదో చూసుకోండి. గాలి తక్కువైనా, కంపెనీ సైజు కంటే వెడల్పు టైర్లు వేసినా రిటర్న్ (స్టీరింగ్ తనంతట మధ్యకి రావడం) మందగిస్తుంది. తర్వాత ముందు రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద పెట్టండి, ఒక్క జాకీని నమ్ముకుని కింద చెయ్యి పెట్టొద్దు. ఇంజన్ ఆపేసి, లాక్ పడకుండా తాళం ఉంచి, ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా తిప్పండి. ఎలక్ట్రిక్ స్టీరింగ్ కదా, మోటారు కాలమ్ (స్టీరింగ్ వీల్ నుంచి కిందికి వెళ్లే భాగం) మీదే ఉంటుంది, అది కూడా తిరగాలి కాబట్టి కొంత బరువుగా అనిపిస్తుంది. ఆ బరువు మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు ఉంటే ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రెండు టై రాడ్ ఎండ్లనీ నకిల్ (చక్రం బిగించి ఉండే, దాంతో పాటు మళ్లే ఇనుప భాగం) నుంచి ఊడదీయండి. బ్రేక్ డిస్క్ పట్టుకుని నకిల్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పండి. తేలిగ్గా, నూనె రాసినట్టు తిరగాలి. గట్టిగా ఉంటే తప్పు కింద లోయర్ ఆర్మ్ బాల్ జాయింటుదో, పైన స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) మౌంట్ బేరింగ్‌దో. ఈ రెంటిలో ఏదో తెలుసుకోవడానికి ఒకరిని నకిల్ తిప్పమని మీరు స్ప్రింగ్‌ని చూడండి. బేరింగ్ బాగుంటే స్ప్రింగ్ మొత్తం నకిల్‌తో పాటే తిరుగుతుంది. పట్టేసి ఉంటే స్ప్రింగ్ కాస్త మెలితిరిగి ఆగి, ఉన్నట్టుండి "టక్" మని జారుతుంది. ఆ జారడం స్ప్రింగ్ మీద వేళ్లు పెడితే బాగా తెలుస్తుంది, కానీ చుట్ల మధ్యలోకి వేళ్లు పోనివ్వకండి. స్ట్రట్‌లు కూడా ఎప్పుడైనా విప్పి ఉంటే ఇది తప్పకుండా చూడాలి, బేరింగ్ తలకిందులుగా కూర్చోబెట్టిన బళ్లు చూశాను.

నకిళ్లు రెండూ తేలిగ్గా తిరిగితే మిగిలింది బాక్స్, కాలమ్. టై రాడ్లు ఊడదీసే ఉన్నాయి కాబట్టి స్టీరింగ్ మళ్లీ తిప్పండి. నా అనుమానం ఎక్కువగా ఇక్కడే, కారణం చెబుతాను.

మా బండికి ఇదే వచ్చింది. పాత బాక్స్‌ని బాగుచేసి వేశారు. కటకట శబ్దం పోయింది, దాంతోపాటు రిటర్న్ కూడా పోయింది. విడదీసి చూస్తే నకిళ్లు వెన్నలా ఉన్నాయి. బాక్స్ మాత్రం సరిగ్గా మధ్యలో ఫ్రీగా ఉండి, అర చుట్టు దాటాక రెండు వైపులా బిగిసిపోతోంది. సంగతేమిటంటే, బాక్స్‌లో ర్యాక్‌ని (పళ్లున్న కడ్డీ) పినియన్ (దాన్ని జరిపే చిన్న పళ్ల చక్రం) మీదకి నొక్కి ఉంచే ఒక స్ప్రింగ్, దాని వెనక ఒక అడ్జస్ట్ స్క్రూ ఉంటాయి. ఏళ్ల తరబడి బండి ఎక్కువగా సూటిగానే నడుస్తుంది కాబట్టి ర్యాక్ పళ్లు మధ్యలోనే అరుగుతాయి. ఆ మధ్యలో శబ్దం పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని కొసల దగ్గర పట్టేస్తుంది. స్క్రూ కాస్త వదులు చేశాం, రిటర్న్ వచ్చింది, కటకట మళ్లీ మొదలైంది. అరిగిన ర్యాక్‌కి సర్దుబాటు లేదు. చివరికి కొత్త బాక్స్ వేశాకే రెండూ కుదిరాయి. ఆటోనగర్‌లలో బాక్సులు చక్కగా బాగుచేసే పనివాళ్లున్నారు, వాళ్ల పనిని తక్కువ చేయడం లేదు. కానీ ర్యాక్ అరుగుదల ఎంతో చూడకుండా స్క్రూ బిగించడం పని కాదు.

మీకు వేసింది కంపెనీ కొత్త బాక్సా, బాగుచేసిందా, అది ముందు అడగండి. కొత్తదైతే ఆ స్క్రూని ఎవరినీ ముట్టనివ్వకండి, ఫ్యాక్టరీలోనే సెట్ చేసి వస్తుంది. బాగుచేసిందైతే, ఎంత బిగించి ఎంత వెనక్కి తిప్పాలో ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ ప్రకారం చేయించి, ఈ కొస నుంచి ఆ కొసదాకా తిప్పి చూడమనండి. మధ్యలో ఒక్కచోటే చూసి వదిలేస్తే మా బండి కథే అవుతుంది.

బాక్స్ కూడా బాగుందనిపిస్తే, బాక్స్‌కీ కాలమ్‌కీ మధ్య ఉండే షాఫ్ట్‌ని ఊడదీసి పైభాగాన్ని విడిగా తిప్పి చూడాలి. ఆ షాఫ్ట్ యూజే క్రాస్‌లు (వంపు దగ్గర మడిచి తిప్పే కీళ్లు) తుప్పు పట్టినా, షాఫ్ట్ ఒక పన్ను తప్పి కూర్చున్నా, కాళ్ల దగ్గరి రబ్బరు బూటు రాసుకుంటున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. విప్పేముందు షాఫ్ట్ మీద, బాక్స్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే చక్రాలు సూటిగా పెట్టి, స్టీరింగ్ వీల్ కదలకుండా సీటు బెల్టుతో కట్టేయండి. షాఫ్ట్ ఊడినప్పుడు వీల్ ఎడాపెడా తిరిగితే లోపలి స్పైరల్ కేబుల్ (ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు తీసుకెళ్లే చుట్టల తీగ) తెగుతుంది, అది వేరే ఖర్చు.

రిటర్న్ ఒక్క వైపు నుంచే రాకపోతే, స్కానర్‌తో స్టీరింగ్ టార్క్ సెన్సర్ (మీరు ఎంత బలంతో తిప్పుతున్నారో మోటారుకి చెప్పేది) జీరో చేయించారా అని కూడా అడగండి. కాలమ్ విప్పినప్పుడు ఇది మర్చిపోతుంటారు. ఇక బాక్స్ దింపడానికి కింది క్రాస్ మెంబర్ (లోయర్ ఆర్మ్‌లు బిగించి ఉండే అడ్డ ఫ్రేమ్) దించి ఉంటే, అది కొద్దిగా జరిగి బిగుసుకున్నా క్యాస్టర్ మారుతుంది. అలైన్‌మెంట్ రిపోర్టులో రెండు వైపుల క్యాస్టర్ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, ఆ కాగితం ఉంటే పారేయకండి.

తిప్పుతుంటే పట్టేసి వదిలినట్టు అనిపిస్తే మాత్రం హైవే ఎక్కకండి. తిరిగి బిగించేటప్పుడు టై రాడ్‌కి సెల్ఫ్ లాకింగ్ నట్టుంటే కొత్తది, పిన్ను ఉంటే కొత్త పిన్ను వేయించండి. టై రాడ్లు ఊడదీసినప్పుడు నకిల్ గట్టిగా ఉందో, బాక్స్ గట్టిగా ఉందో ఇక్కడ రాయండి, అక్కణ్నుంచి ఏం చేయాలో చెబుతాను.