ఎండలు, కరెంటు: పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: రోళ్ళు పగిలే ఎండలు రోహిణి కార్తెలో కదా, అంటే మే నెలాఖర్లో. మరి తెలంగాణలో కరెంటు వాడకం రికార్డు మార్చిలోనే దాటేసిందని ప్రతి ఏడాదీ పేపర్లో వస్తోంది, ఎందుకని? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మంచి పాయింట్ పట్టుకున్నారండి. 2023లో మార్చి 30న 15,497 మెగావాట్లు, 2024లో మార్చి 8న 15,623, 2025లో మార్చి 20న 17,162, మూడేళ్ళూ మార్చి నెలే. దీనికి అసలు కారణం ఏసీలు కాదు, యాసంగి వరి. రాష్ట్రంలో పాతిక లక్షలకి పైగా వ్యవసాయ మోటార్లున్నాయి, మార్చిలో వరి పొట్ట మీదో గింజ పాలు పోసుకునే దశలోనో ఉంటుంది, అప్పుడు ఒక్క తడి తప్పినా తాలు గింజలే మిగుల్తాయి కాబట్టి ఏ రైతూ మోటారు ఆపడు. అదే టైంలో ఎండ ముదిరి మడిలో నీళ్ళు తొందరగా ఆవిరైపోతాయి, ఇంకోపక్క బోర్లలో నీళ్ళు కిందికి దిగిపోతాయి, అంటే ఎక్కువ నీళ్ళు కావాలి, అవి కూడా ఎక్కువ లోతు నుంచి తోడాలి, రెండూ కలిసి కరెంటు మీదే పడతాయి. ఏప్రిల్‌లో కోతలు మొదలవగానే మోటార్లు ఆగిపోతాయి, ఇక మేలో ఎండలు ఇంకా మండినా రాష్ట్రం మొత్తం మీద లోడ్ మార్చి అంత ఉండదు, కానీ హైదరాబాద్ లోడ్ మాత్రం అప్పుడే ఎక్కువ.

ఇక్కడ నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. కరెంటు డిమాండ్ అంటే అందరూ థర్మామీటరే చూస్తారు, వాన సంగతి మర్చిపోతారు. 2023 ఆగస్టులో దేశంలో వానలు మామూలు కంటే 36 శాతం తగ్గాయి, 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత ఎండిన ఆగస్టు ఇంకోటి లేదు, ఫలితంగా చల్లబడాల్సిన రోజుల్లో, సెప్టెంబరులో, దేశం పీక్ డిమాండ్, అంటే ఒకే సమయంలో పడిన అత్యధిక వాడకం, 2 లక్షల 43 వేల మెగావాట్లకి పోయింది. వానల్లేకపోతే మోటార్లు, ఫ్యాన్లు, ఏసీలు అన్నీ ఒకేసారి తిరుగుతాయి, అటు శ్రీశైలం, నాగార్జునసాగర్‌లకి వరద రాక జల విద్యుత్తు కూడా తగ్గిపోతుంది. వాతావరణం మారడం అంటే మనకి ఎండలు పెరగడం ఒక్కటే కాదు, వాన నమ్మకం లేకుండా పోవడం కూడా, నన్నడిగితే కరెంటు ప్లానింగ్ చేసేవాళ్ళు దీనికే ఎక్కువ భయపడాలి.

ప్రశ్న: మా ఇంట్లో ఏసీ ఎప్పుడూ 24 మీదే, వేసేది కూడా రోజూ అవే గంటలు. అయినా మేలో యూనిట్లు పెరిగిపోయి జీరో బిల్లు పోయింది. మీటర్ తప్పేమో అని అనుమానం. – ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: మీటర్ తప్పు కాకపోవచ్చమ్మా, లెక్క చూడండి. బయట 36 ఉన్నప్పుడు లోపలికీ బయటికీ తేడా 12 డిగ్రీలు, బయట 42 అయితే తేడా 18. గోడల్లోంచి లోపలికొచ్చే వేడి ఆ తేడాని బట్టే ఉంటుంది కాబట్టి అది ఒకటిన్నర రెట్లయింది. పైగా ఏసీ ఆ వేడిని అంత మండుతున్న గాల్లోకి తోసెయ్యాలి, దాంతో కంప్రెసర్ ఇంకా కష్టపడుతుంది. ఫ్రిజ్ సంగతీ అంతే, వంటింట్లో వేడెక్కువైతే దాని మోటారు ఆగకుండా తిరుగుతుంది. బిల్లు విషయానికొస్తే జీరో బిల్లు ఇచ్చే గృహజ్యోతి పథకం 200 యూనిట్ల దాకానే, 190 వస్తే సున్నా, 210 వస్తే మొదటి 200కి యూనిట్ 5 రూపాయల 10 పైసలు, మిగతా పదికి 7.70 చొప్పున దాదాపు 1,100, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. అంటే ఇరవై యూనిట్లకి పదకొండు వందలు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పేదాని ప్రకారం ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగుల్తుంది, మీరు 26 పెట్టి పైన ఫ్యాన్ వేసుకుంటే మళ్ళీ 200 లోపు రావచ్చు.

ప్రశ్న: కరెంటు కొరత లేదు అంటారు, కానీ మా వీధిలో రాత్రి పదకొండు దాటాక పోతుంది. – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: రెండూ నిజమే అయ్యుండొచ్చండి. 2024 మే 30న దేశం పీక్ డిమాండ్ 2 లక్షల 50 వేల మెగావాట్లు, అది మధ్యాహ్నం కాబట్టి సోలార్ ఆదుకుంది. రాత్రి సోలార్ ఉండదు, అప్పుడు థర్మల్, హైడల్ మీదే బండి నడవాలి. కానీ మీ వీధి కథ ఎక్కువగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి పగలు ఎక్కిన వేడి రాత్రి దిగాలి, లోపలి ఆయిల్ చల్లారాలి. ఇప్పుడు రాత్రుళ్ళు కూడా 30 దగ్గరే ఉంటున్నాయి, డాబాలు, సిమెంటు రోడ్లు పగలు తాగిన వేడిని రాత్రంతా వదుల్తుంటాయి, సరిగ్గా అప్పుడే అందరూ ఏసీలు వేసుకుని పడుకుంటారు. లోపలి తీగ చుట్టల (వైండింగ్) వేడి 6 డిగ్రీలు పెరిగితే దాని కాగితం ఇన్సులేషన్ ఆయుష్షు సగమైపోతుందని ఇంజనీర్ల లెక్క. అయిదేళ్ళ కింద పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అదే, దాని మీద ఏసీలు మాత్రం రెట్టింపయ్యుంటాయి, కొత్త ఏసీ కొన్నవాళ్ళు లోడ్ పెంచమని అప్లికేషన్ పెట్టుకోరు, దాంతో ఎంత లోడ్ పడుతుందో డిస్కంకి, అంటే కరెంటు పంపిణీ సంస్థకి, తెలిసే దారుండదు. వీధిలో వాళ్ళంతా కలిసి అసలు వాడే లోడ్‌ని రికార్డుల్లో రాయించి (రెగ్యులరైజ్ చేయించుకుని) ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ అడగండి, ఒక్కొక్కరు విడిగా ఫోన్ చేస్తే ఫ్యూజు వేసి పోతారు అంతే.

ప్రశ్న: ఎండ ఎంత ఎక్కువైతే సోలార్ ప్యానెల్ అంత కరెంటు ఇస్తుందా? – ఒక ఇంటర్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: వెలుగు పెరిగితే ఇస్తుంది, వేడి పెరిగితే తగ్గుతుంది. ప్యానెల్ రేటింగ్ 25 డిగ్రీల దగ్గర లెక్క, ఆపైన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది, మేలో ప్యానెల్ 60 దాటుతుంది కాబట్టి పది శాతం పైనే పోతుంది.

ప్రశ్న: భూమి వేడెక్కుతుంటే చలికాలంలో హీటర్ల లోడ్ తగ్గాలి కదా? – డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు

జవాబు: సగటు మీద తగ్గొచ్చు, కానీ గ్రిడ్ కూలేది సగటు రోజు కాదు, ఆ ఒక్క చెడ్డ రోజు. 2021 ఫిబ్రవరి మీ టెక్సస్‌లో చూశారుగా, సగానికి పైగా ఇళ్ళకి కరెంటు హీటింగే, చలి తుఫానుకి అందరూ ఒకేసారి వేశారు, అటు గ్యాస్ సప్లై గడ్డకట్టింది, దాదాపు 20 వేల మెగావాట్ల లోడ్ కట్ చేశారు, 200 మందికి పైగా చనిపోయారు. మళ్ళీ 2023 ఆగస్టు 10న ఎండకి అదే గ్రిడ్ 85,508 మెగావాట్ల రికార్డు చూసింది. రెండు వైపులా రెడీగా ఉండాల్సిందే.

ప్రశ్న: మాకు ఏసీ లేదు, కొనలేము. మాది రేకుల ఇల్లు, మధ్యాహ్నం లోపల కూర్చోలేకపోతున్నాం. – ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: తల్లీ, ఈ డిమాండ్ లెక్కల్లో మీ ఇల్లు అసలు కనపడదు, నాకు బాధ కలిగించేది అదే. ఏసీ ఉన్నవాళ్ళ వేడి మెగావాట్లలో తెలుస్తుంది, మీ వేడి మీ ఒంటికే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని టార్గెట్, మీ మున్సిపాలిటీలో దాని గురించి అడగండి. ఈలోపు రేకుల పైన తెల్ల రంగు వేయించండి, కూల్ రూఫ్ పెయింట్ దొరికితే అదే మంచిది, లేకపోతే సున్నంలో ఫెవికాల్ లాంటి జిగురు కలిపి రెండు కోటింగులు వేస్తే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. సాయంత్రం పూట వేయండి, ఎండలో వేస్తే పొరలు లేచిపోతాయి. వానాకాలంలో సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో మళ్ళీ వేసుకోవాలి.