సరదాగా రాసిన ప్యాకేజీని అధికారికంగా విడుదల చేయాలా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సబ్‌టైటిళ్లు సినిమాలోని మాటలకంటే ముందో వెనకో పడుతున్నప్పుడు ఆ సమయాలను సరిచేసే చిన్న పైథాన్ ప్యాకేజీని (ఇతరులు కూడా తమ పనికి వాడుకోగల కోడ్ కట్టను) సరదాగా రాసుకున్నాను. సినిమాలో రెండు చోట్ల సరైన సమయం చెబితే, మిగతా వాటన్నిటినీ అదే లెక్కగట్టి సర్దుతుంది. ఏడాదిగా గిట్‌హబ్‌లో (కోడ్‌ను అందరితో పంచుకునే సైటులో) ఉంది. నలుగురైదుగురు స్నేహితులు వాడుతున్నారు, వారిలో ఒకరు కొంత కోడ్ కూడా రాశారు. దీన్ని పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలను అందరికీ అందించే సైటులో) అధికారికంగా పెడితే రెజ్యూమెకు బలం వస్తుందని ఒక సీనియర్ అంటున్నారు. కోడ్ అంత గొప్పగా లేదని నాకే తెలుసు. పైగా వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్ల హడావుడిలో దీన్ని చూసుకోగలనన్న నమ్మకం లేదు. విడుదల చేయమంటారా, ఆగమంటారా?

జవాబు: మీ కోడ్ ఏడాదిగా అందరికీ కనబడుతూనే ఉంది. కావాలనుకున్నవారు గిట్‌హబ్ చిరునామా ఇచ్చి పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే సాధనంతో) నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కూడా. కాబట్టి మీరు తేల్చుకోవలసింది కోడ్‌ను బయటపెట్టాలా వద్దా అని కాదు. పైపీఐలో పెట్టడం వల్ల దానికి ఒక పేరు, ఒక వెర్షన్ నంబరు, ఒకే ఆదేశంతో ఇన్‌స్టాల్ అయ్యే సౌకర్యం వస్తాయి. వాటితోపాటు, మీ ముఖం ఎన్నడూ చూడని మనిషి తన పనిని దానిమీద ఆధారపెట్టే అవకాశం వస్తుంది. ఆ మనిషికి మీరు ఏ మేరకు జవాబుదారీగా ఉండగలరన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ముందు రెజ్యూమె సంగతి చూద్దాం, ఎందుకంటే మీ సీనియర్ సలహా దానిమీదే నిలబడింది. పైపీఐలో కొత్త ప్యాకేజీ నాణ్యతను పరీక్షించి ఆమోదించేవారు ఎవరూ ఉండరు. ఖాతా ఉన్న ఎవరైనా కొద్ది నిమిషాల్లో ప్యాకేజీని ఎక్కించవచ్చు. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్యాకేజీలుండే క్రాన్ సైటు పద్ధతి వేరు. అక్కడ వచ్చిన ప్యాకేజీని స్వచ్ఛంద నిర్వాహకులు పరిశీలించాకే చేర్చుకుంటారు. అందువల్ల ‘పైపీఐలో ప్రచురించాను’ అన్న వాక్యం ఒక్కటే మీ సామర్థ్యాన్ని నిరూపించదు, విషయం తెలిసిన ఇంటర్వ్యూయర్ దానికి పెద్దగా విలువ ఇవ్వరు. వారు లింకు తెరిస్తే చూసేది ఇష్యూల పేజీ (వాడేవారు తప్పులు, సందేహాలు రాసే చోటు), మార్పుల చరిత్ర. ఒకే ఒక్క విడుదల, దాని కింద నెలల తరబడి జవాబు లేని ఫిర్యాదులు ఉన్న ప్యాకేజీల లింకులను విద్యార్థులు రెజ్యూమెలో గర్వంగా పెట్టుకోవడం నేను చూశాను. అలాంటి లింకు పెట్టడంకంటే పెట్టకపోవడమే నయం.

ఇంకొక విషయం. సబ్‌టైటిల్ సమయాలను ముందుకో వెనక్కో జరిపే పనిని పైఎస్ఆర్‌టీ, పైసబ్స్2 వంటి ప్యాకేజీలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. మీ దానిలో విలువైనది ఆ రెండు చోట్ల సమయం చెప్పే పద్ధతి. సెకనుకు 23.976 ఫ్రేముల (విడి చిత్రాల) చొప్పున తయారైన సబ్‌టైటిళ్లను 25 ఫ్రేముల వేగంతో నడిచే వీడియోకు వాడితే తేడా మొదట్లో కంటికి ఆనదు. రెండు గంటల సినిమా చివరికి వచ్చేసరికి దాదాపు 5 నిమిషాలు అవుతుంది. ఇలాంటప్పుడు ఫ్రేముల లెక్క ఏమీ తెలియని మనిషి కూడా రెండు డైలాగుల సమయం చెప్పి పని పూర్తి చేసుకోగలగడం మంచి ఆలోచన. ఉన్న ప్యాకేజీల్లో ఆ సౌకర్యం ఇదే రూపంలో ఉందో లేదో ఒక సాయంత్రం కూర్చుని చూడండి. ఉంటే, కొత్త ప్యాకేజీకి బదులు వాటిలో ఒకదానికి చిన్న మెరుగుదల పంపడం మీ కెరీర్‌కు ఎక్కువ ఉపకరిస్తుంది, ఎందుకంటే మీ కోడ్‌ను పరాయి మనిషి చదివి, తప్పులు చూపి, చివరికి ఒప్పుకున్న దాఖలా అక్కడ మిగులుతుంది. లేకపోతే మీ రీడ్‌మీ (ప్యాకేజీని పరిచయం చేసే ఫైలు) మొదటి వాక్యం ఆ సౌకర్యం గురించే ఉండాలి.

ఇక బాధ్యత మాట. మీ ప్యాకేజీలో సమయాన్ని జరిపే ఫంక్షన్ ఒకటి ఉందనుకుందాం. దానికి 2 అని ఇస్తే ఈరోజు రెండు సెకన్లు జరుపుతుంది. ఒక రాత్రి మీకు మిల్లీసెకన్లయితే బాగుంటుందనిపించి మార్చేశారు. ఇప్పుడైతే నలుగురు స్నేహితులకు ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది. విడుదలయ్యాక అదే మార్పు చేస్తే, ఎక్కడో ఒకరి స్క్రిప్టు కొత్త వెర్షన్‌ను తెచ్చుకుని, వంద ఫైళ్లను రెండు సెకన్లకు బదులు రెండు మిల్లీసెకన్లు జరిపి, ఏ తప్పూ చూపకుండా పని ముగిస్తుంది. ప్రోగ్రాం ఆగిపోతే మనిషికి తెలుస్తుంది. మౌనంగా తప్పు చేస్తే ఎప్పటికోగాని తెలియదు. కోడ్ అందంగా ఉందా లేదా అన్నదానికంటే, బయటివారు పిలిచే ఫంక్షన్ల పేర్లు, వాటికిచ్చే విలువల అర్థాలు స్థిరపడ్డాయా అన్నది ఎక్కువ ముఖ్యమనడానికి కారణం ఇదే. లోపలి కోడ్‌ను ఎన్నిసార్లయినా తిరగరాసుకోవచ్చు. వెర్షన్ నంబరు సున్నాతో మొదలైతే ఏదైనా మారవచ్చని చెప్పినట్టే అన్నది వెర్షన్ల పద్ధతిలో ఉన్న ఒప్పందం, కాబట్టి 0.1.0 అని పెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు.

వెనక్కి తీసుకోవడం కూడా తేలిక కాదు. పైపీఐలో ఒకసారి ఎక్కించిన ఫైలును తొలగించవచ్చుగాని, అదే ఫైలు పేరుతో మరో ఫైలును ఎప్పటికీ ఎక్కించలేరు. పొరపాటున అందులో పాస్‌వర్డో రహస్య కీయో వెళ్లిపోతే, ఫైలు తీసేసినా అప్పటికే ఎవరైనా కాపీ చేసి ఉండవచ్చు, కనుక ఆ కీని వెంటనే రద్దు చేయడం తప్ప మార్గం లేదు. 2016 మార్చిలో ఒక రచయిత జావాస్క్రిప్ట్ ప్యాకేజీల సైటైన ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని తీసేసినప్పుడు, దానిమీద నేరుగానో పరోక్షంగానో ఆధారపడిన వేలాది ప్రాజెక్టుల బిల్డులు (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా కూర్చే పనులు) ఆగిపోయాయి. అంత చిన్న కోడ్‌మీద ఇంతమంది ఆధారపడ్డారని ఆ ఉదంతం దాకా ఎవరూ పట్టించుకోలేదు. ఆ తరువాత ఎన్‌పీఎం తొలగింపు నియమాలను కఠినం చేసింది.

లైసెన్స్ విషయంలో మీ ఉత్తరం నన్ను కొంచెం ఆపింది. స్నేహితుడు రాసిన భాగంపై హక్కు ఆయనదే. మీరు ఎంచుకునే లైసెన్స్‌కు ఆయన అంగీకారాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. గిట్‌హబ్‌లోనే ఒక వాక్యం రాయించినా చాలు. లైసెన్స్ ఫైలు అసలు లేకపోతే, కోడ్ అందరికీ కనిపిస్తున్నా వాడుకునే హక్కు ఎవరికీ ఇచ్చినట్టు కాదు. ఎంఐటీ లైసెన్స్ (దాదాపు షరతులు లేకుండా వాడుకోనిచ్చేది) చిన్నది, మీ వంటి ప్యాకేజీకి సరిపోతుంది. అయితే మరెక్కడినుంచైనా జీపీఎల్ (కలిపిన కోడ్‌ను పంచితే అవే షరతులతో ఇవ్వాలనే లైసెన్స్) కింద ఉన్న కోడ్‌ను తెచ్చి కలిపి ఉంటే మొత్తాన్ని ఎంఐటీ కింద ఇచ్చే స్వేచ్ఛ మీకు ఉండదు. ఇంటర్న్‌షిప్ ఒప్పందం ఏదైనా సంతకం చేసి ఉంటే, ఆ కాలంలో రాసిన కోడ్ హక్కుల గురించి అందులో ఏముందో చదవండి.

కోడ్ గొప్పగా లేదన్న బెరుకును నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. మీ కంప్యూటర్ కానిచోట అది నడుస్తుందా అన్నది మాత్రం లెక్కలోకి తీసుకుంటాను. ఒక ఉదాహరణ చెబుతాను. కొన్ని ఎడిటర్లు యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటర్‌లో నిల్వచేసే ఒక పద్ధతిలో) ఫైలును సేవ్ చేసేటప్పుడు మొట్టమొదట కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి. ఎస్ఆర్‌టీ అనే రకం సబ్‌టైటిల్ ఫైలులో మొదటి వరుస 1 అనే అంకె. ఆ గుర్తు దాని ముందు అతుక్కుని ఉంటే పైథాన్ దాన్ని అంకెగా ఒప్పుకోదు, మీ ప్రోగ్రాం మొదటి వరుసలోనే కూలిపోతుంది. మీ స్నేహితుల ఫైళ్లలో ఆ గుర్తు లేకపోతే ఏడాదైనా ఈ తప్పు బయటపడదు. ఇలాంటివి తెలుసుకోవడానికి ముందుగా టెస్ట్‌పైపీఐలో (ప్రయోగాల కోసం ఉన్న పైపీఐ వంటి వేరే సైటులో) పెట్టి, మీకు అంతగా పరిచయం లేని ఇద్దరిని రీడ్‌మీ ఒక్కటే చూసి వాడమనండి. పక్కన కూర్చుని చూడండి గాని నోరు విప్పకండి. వారు ఎక్కడ తడబడతారో అక్కడ మీ పని మిగిలి ఉంది.

చూసుకోలేనేమో అన్న భయం నిజాయితీ గలది. చట్టరీత్యా ఎంఐటీ లైసెన్స్ ఏ హామీ ఇవ్వదని స్పష్టంగానే చెబుతుంది. మర్యాదరీత్యా మీరు చేయవలసింది, ‘ఇది తీరిక వేళల్లో నడిచే ప్రాజెక్టు, జవాబుకు కొన్ని వారాలు పట్టవచ్చు’ అని రీడ్‌మీలో పైనే రాయడం. నిజంగా వదిలేయవలసి వస్తే రిపోజిటరీని (గిట్‌హబ్‌లోని మీ కోడ్ నిల్వను) ఆర్కైవ్ చేసి, అంటే ఇక మార్పులు ఉండవని మూసి, ఆ సంగతి ప్రకటించండి. ఎవరో అపరిచితులు ఉత్సాహంగా అడిగారని ప్రచురణ హక్కులు మాత్రం అప్పగించకండి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీని అలాగే అందుకున్న కొత్త వ్యక్తి, ఒక బిట్‌కాయిన్ వాలెట్ నుంచి దొంగిలించేందుకు ఉద్దేశించిన కోడ్‌ను దాని ద్వారా పంపాడు. పైపీఐ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ ఎలాగూ తప్పనిసరి. రికవరీ కోడ్‌లను (ఫోను పోతే ఖాతాలోకి వెళ్లనిచ్చే వాటిని) ఫోనులో కాక వేరేచోట భద్రపరచండి.

ఇవన్నీ చూశాక నా అభిప్రాయం: విడుదల చేయండి, కాని రెజ్యూమె గడువు కోసం కాదు, ఈ వారమూ కాదు. పరీక్షలు ముగిసి, ప్లేస్‌మెంట్లకు ఇంకా కొన్ని నెలలు ఉన్న సెలవుల్లో ఈ పని పెట్టుకోండి. స్నేహితుడి అంగీకారం, లైసెన్స్ ఫైలు, పది పన్నెండు టెస్ట్ కేసులు, ఇద్దరు అపరిచితుల పరీక్ష అయ్యాక 0.1.0 పెట్టి, తరువాతి పదిహేను రోజులు రోజుకొకసారి ఇష్యూల పేజీ చూడండి. ఆ సెలవులు దొరకకపోతే లైసెన్స్ చేర్చి గిట్‌హబ్‌లోనే ఉంచండి. రెజ్యూమెలో ఆ లింకే ఇవ్వవచ్చు. ఎందుకు విడుదల చేయలేదని ఇంటర్వ్యూలో అడిగితే, సెకన్లా మిల్లీసెకన్లా అన్నది ఇంకా తేల్చుకోలేదని చెప్పండి.