మిగిలిన పిండాలను పరిశోధనకు ఇద్దామంటే మావారు వద్దంటున్నారు

ప్రశ్న: ఐవీఎఫ్‌తో మాకు పాప పుట్టింది. ఇంకా నాలుగు పిండాలు ఆసుపత్రిలో ఫ్రీజ్ చేసి ఉన్నాయి. ఇక పిల్లలు వద్దనుకున్నాం. ఊరికే పారేసే బదులు మూలకణాల పరిశోధనకు ఇద్దామని నేనంటే, ‘అది ప్రాణం తీయడమే’ అంటున్నారు మావారు. మేం క్యాథలిక్కులం. రోజూ ఇదే గొడవ. ఏం చేయాలి?

జవాబు: సైన్సు తెలియక మీవారు అలా అంటున్నారనుకోకండి. మూలకణాలను, అంటే శరీరంలో ఏ రకం కణంగానైనా మారగల కణాలను తీసేది అయిదారు రోజుల పిండం లోపలి కణాల గుంపు నుంచి. ఆ గుంపును వేరుచేస్తే పిండం ఇక మిగలదు. ఫలదీకరణతోనే మనిషి ప్రాణం మొదలవుతుందని నమ్మేవారికి ఇది చిన్న సంగతి కాదు. వాటికన్ 1987లోనూ, 2008లోనూ దీన్ని స్పష్టంగా వ్యతిరేకించింది. ‘ఎలాగూ పారేసేవే కదా’ అన్నప్పుడల్లా ఆయన ఇంకా నొచ్చుకుంటారు. వాటంతట అవి పోవడం వేరు, చేతులారా విడదీయడం వేరు అన్నది ఆయన బాధ.

మీ ఆలోచనా తేలిగ్గా తీసేయాల్సింది కాదు. పిండాన్ని ల్యాబ్‌లో 14 రోజులు దాటి పెంచకూడదని మన దేశ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దాదాపు అప్పటివరకూ ఒకే పిండం రెండుగా చీలి కవలలు కావచ్చు, అందుకే దాన్ని ఇంకా ఒక వ్యక్తి అనలేమని చాలామంది వాదిస్తారు. ఎవరిది నిజమో ఏ పరీక్షా తేల్చదు. కాబట్టి ఆయనను ఓడించే ప్రయత్నం మానండి.

బదులుగా ఒక్కటి అడగండి: పిండం నాశనం కావడం బాధిస్తోందా, ఎవరో దానితో వ్యాపారం చేస్తారన్న భయమా? భయమే అయితే జవాబుంది. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం పిండాలను అమ్మకూడదు, పరిశోధన కోసం విదేశాలకు పంపకూడదు. నాశనమే బాధ అయితే ఎంత వివరించినా ఆయన మారరు, మారాలని ఒత్తిడి చేయడం కూడా సరికాదు. మరో జంటకు ఇద్దామన్నా ఈ చట్టం ఒప్పుకోదు. పదేళ్ల వరకు నిల్వ ఉంచవచ్చు. ఆ తర్వాత నశించనివ్వాలి, లేదా మీ అంగీకారంతో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి.

మీరు ఇవ్వకపోతే వైద్యానికి ద్రోహం చేసినట్టేమీ కాదు. 2007లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక బృందం మనిషి చర్మకణాలనే మూలకణాల్లాంటి వాటిగా మార్చింది. పిండ మూలకణాల అవసరం పూర్తిగా తీరకపోయినా, దారి అదొక్కటే కాదు.

ఈలోగా ఐవీఎఫ్ మొదట్లో సంతకం చేసిన ఫారాలు తెప్పించుకోండి. మిగిలిన పిండాల గురించి, నిల్వ రుసుము కట్టకపోతే ఏం చేస్తారన్న దాని గురించి ఏం రాసిందో ఇద్దరూ కలిసి చదవండి. ఈ ఏడాది రుసుము గడువులోపే కట్టేయండి. ఇద్దరి సంతకాలతో కొత్త లేఖ ఇచ్చేదాకా పిండాలను కదిలించవద్దని ఆసుపత్రికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.