ఆస్తమా ఉంది.. మళ్లీ ఫిల్మ్ కెమెరా పట్టుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 47. మాది కాకినాడ. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. పెళ్లికి ముందు మా నాన్నగారి యాషికా మ్యాట్ కెమెరాతో బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తీసి, ఇంట్లోనే కడిగి ప్రింట్లు వేసేదాన్ని. మావారు కిడ్నీలు పాడై ఆరేళ్లు డయాలసిస్ మీద ఉండి, 14 నెలల క్రితం పోయారు. సంవత్సరీకం అయ్యాక కెమెరా బయటకు తీశాను. ఒక రోల్ తీసి బాత్‌రూమ్‌లో కడిగాను. ఫిల్మ్ మీద బొమ్మ నిలిచిపోయేలా చేసే హైపో (ఫిక్సర్) వాసనకు ఆ రాత్రంతా దగ్గు, పిల్లికూతలు. ఫోకస్ చేస్తుంటే చేతులు వణుకుతున్నాయి, కెమెరా పైనున్న అద్దం మీద బొమ్మ మసగ్గా కనిపిస్తోంది. నెగెటివ్‌లు చూసి ఏడుపొచ్చింది, తర్వాత కొన్నాళ్లు కెమెరా ముట్టుకోలేదు. తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వచ్చేస్తోంది. ‘అప్పుడే ఈ సరదాలేంటి’ అని మా ఆడపడుచు అంది. ఇది డిప్రెషనా? ఈ పని కొనసాగించనా, మానేయనా?

డాక్టర్ సలహా: మానేయాల్సిన అవసరం లేదమ్మా. ఫొటోలు రేపటి నుంచే తీయండి. ఫిల్మ్ కడగడం మాత్రం ఆస్తమా అదుపులోకి వచ్చేదాకా ఇంట్లో పెట్టుకోకండి. మీరు రాసినవాటిలో నాకు ఎక్కువ కంగారు పుట్టించింది ఆ పిల్లికూతలే.

హైపోలో ఉండే థయోసల్ఫేట్‌కు ఆమ్లం తగిలితే సల్ఫర్ డయాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. చాలా ఫిక్సర్లు ఆమ్ల గుణం ఉన్నవే కాబట్టి ట్రే మీద వంగగానే ముక్కుకు ఘాటు కొడుతుంది. మామూలు వాళ్లకు కాస్త ఇబ్బందిగా ఉండి పోతుంది. ఆస్తమా ఉన్నవారిలో అయితే ఈ వాయువు కొద్ది మోతాదులో తగిలినా శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. డిజిటల్ రాకముందు మా ఆస్పత్రుల్లో ఎక్స్-రే ఫిల్ములను కూడా చీకటి గదిలో ఇలాగే బొమ్మను పైకి తెచ్చే డెవలపర్‌లో, ఆ తర్వాత ఫిక్సర్‌లో ముంచి, క్లిప్పులకు తగిలించి ఆరబెట్టేవారు. రోజంతా ఆ గదిలో పనిచేసే రేడియోగ్రాఫర్లకు తలనొప్పి, గొంతు మంట, ఆయాసం వస్తుండటంతో 1980లలో దానికి ‘డార్క్‌రూమ్ డిసీజ్’ అని పేరే పెట్టారు. మీరు అంతసేపు ఆ వాసనలో ఉండరు, నిజమే. కానీ మీ ఊపిరితిత్తులకు ముందే ఆస్తమా ఉంది.

పైగా మీరు కడిగింది బాత్‌రూమ్‌లో. టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్ తడి నేల మీదో, కమోడ్‌లోనో మిగిలి ఉండి, దాని మీద హైపో ఒంపితే ఆ వాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో ఇది ప్రమాదం. ఆ రాత్రి మీకు జరిగింది ఇదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ, ఇకమీదట యాసిడ్ వాడే చోట హైపో ఒంపవద్దు.

ఇప్పుడు వణుకు సంగతి. ఇన్హేలర్ రోజుకు ఎన్నిసార్లు వాడుతున్నారో మీరు రాయలేదు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ వల్ల చేతులు సన్నగా వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మాత్రల రూపంలో వేసుకుంటే ఇంకాస్త ఎక్కువ. ఈ రిలీవర్ వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరం పడుతోందంటే ఆస్తమా అదుపులో లేదనే లెక్క. రిలీవర్ ఒక్కటే వాడుతూ నెట్టుకురావద్దని, వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్హేలర్ కూడా ఉండాలని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు గట్టిగా చెబుతున్నాయి. స్టెరాయిడ్ అనగానే భయపడకండి. పీల్చే మందులో మోతాదు చాలా తక్కువ, పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. ఒకసారి పల్మనాలజిస్ట్‌ను కలిసి ఊపిరితిత్తుల పనితీరు చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోండి. ఆస్తమా అదుపులోకి వస్తే రిలీవర్ వాడకం తగ్గుతుంది, దానితో పాటు వణుకూ తగ్గవచ్చు. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణుకుతాయి కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష కూడా చేయించండి.

ఒక్క విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. వణుకుకు, టెన్షన్‌కు ప్రొప్రనలాల్ అనే మాత్ర ఎవరైనా రాసిస్తే, ‘నాకు ఆస్తమా ఉంది’ అని అక్కడికక్కడే చెప్పండి. అది ఆస్తమా ఉన్నవారిలో ప్రాణం మీదకు తేగలదు. పక్కింటివాళ్లకు పనిచేసిందని తెచ్చుకుని అసలే వేసుకోవద్దు.

అద్దం మీద మసక మాత్రం చాలావరకు చత్వారమే అయివుంటుంది. మీ కెమెరాను ఛాతీ దగ్గర పెట్టుకుని, పైనుంచి కిందకు చూస్తాం కదా. ఆ అద్దం (గ్రౌండ్ గ్లాస్) కంటికి పుస్తకం చదివే దూరంలోనే ఉంటుంది. పాతికేళ్ల వయసులో కన్ను దానికదే సర్దుకుపోయేది, 47లో సర్దుకోలేదు. దాని చుట్టూ లేచే హుడ్‌లో మడిచి ఉండే భూతద్దాన్ని పైకి లేపి, కంటిని దాని దగ్గరకు ఆనించి చూడండి. అప్పుడు స్పష్టంగా కనిపిస్తే పెద్దగా ఆలోచించనక్కర్లేదు, దగ్గరి చూపుకు కళ్లద్దాలు వేయించుకుంటే సరి. అప్పుడూ మసగ్గానే ఉంటే కంటి డాక్టర్ చూడాలి. ఆస్తమాకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగినవారిలో శుక్లాలు కాస్త ముందే వస్తాయి. షుగర్ పరీక్ష కూడా ఓసారి చేయించండి.

ఒక రకంగా వణికే చేతులకు ఈ కెమెరా అనుకూలమే. పట్టీని మెడకు తగిలించుకుని, కెమెరాను కిందికి లాగి పట్టుకుంటే అది ఒంటికి బిగుతుగా ఆనుకుంటుంది. ఫొటో తీసేటప్పుడు లోపలి మిర్రర్ పైకి ఎగరదు కాబట్టి అదురు తక్కువ. షట్టర్ 125 (సెకనులో 125వ వంతు) మీద పెట్టుకుని, ఊపిరి మెల్లగా వదులుతూ నొక్కండి. బరువు కిలో దాటుతుంది కాబట్టి మెడ పట్టేయకుండా మధ్యమధ్యలో దించి పెట్టుకోండి.

ఇక డిప్రెషనా అన్న మాట. 3 గంటల మెలకువకు మీ విషయంలో మూడు కారణాలు ఉండొచ్చు. ఆస్తమా సహజంగానే తెల్లవారుజామున ఎక్కువవుతుంది. దగ్గో, ఛాతీ బిగుతో మిమ్మల్ని లేపుతుంటే దానికి మందు ఇన్హేలరే. రెండోది అలవాటు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 4 గంటల డయాలసిస్. పొద్దున షిఫ్ట్ అయితే చీకటితోనే లేచి, క్యారేజీ సర్ది, ఫైల్ పట్టుకుని బయల్దేరడం. ఆరేళ్లు అలా నడిచిన ఒళ్లు మనిషి పోగానే ఆ టైమ్ మరిచిపోదు. మూడోది డిప్రెషన్. లేవగానే గుండె బరువుగా, ఎందుకు తెల్లవారిందా అనిపిస్తుంటే, రెండు వారాలుగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండి దేని మీదా ఆసక్తి లేకపోతే, తిండి తగ్గి, నా వల్లే ఆయన పోయారేమో లాంటి ఆలోచనలు వస్తుంటే సైకియాట్రిస్ట్‌ను కలవాలి. మందులు అవసరమైతే వేసుకోండి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా మానేయకండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ క్షణమే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నెగెటివ్‌లు చూసి ఏడవడాన్ని నేను జబ్బు అనను. వాటిలో ఏముందో మీరు రాయలేదు, రాయక్కర్లేదు కూడా. నెదర్లాండ్స్‌కు చెందిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ఒక విషయం వివరించారు. ఆప్తులు పోయినవాళ్లు కొన్నాళ్లు ఆ దుఃఖంలోకి వెళ్తారు, కొన్నాళ్లు మిగిలిన జీవితం సర్దుకునే పనుల్లో పడతారు, మళ్లీ దుఃఖంలోకి వెళ్తారు. ఇలా అటూ ఇటూ తిరగడమే కోలుకునే తీరు. కెమెరా ముట్టని ఆ కొన్నాళ్లు వెనక్కి పోయినట్టు కాదు, మళ్లీ దాని గురించి అడుగుతున్నారంటేనే తెలుస్తోంది. ఏడాది దాటాక కూడా రోజూ అదే తీవ్రతతో ఉండి, ఏ పనీ సాగకపోతే దాన్ని ‘ప్రొలాంగ్డ్ గ్రీఫ్’ అంటారు. దానికి కౌన్సెలింగ్ ఉంది. మీ ఉత్తరంలో నాకు ఆ ఛాయలు పెద్దగా కనిపించలేదు, అయినా ఎదురుగా కూర్చుని చూడనిదే ఖాయంగా చెప్పకూడదు.

నిరుత్సాహంగా ఉన్నవారికి మేం ఒక పద్ధతి చెబుతాం. మనసు బాగున్నప్పుడు చేద్దాం అనుకోకుండా, ఏ రోజు, ఏ టైమ్ అన్నది ముందే పెట్టుకుని, బాగున్నా లేకపోయినా ఆ టైమ్‌కు బయల్దేరడం. ఆదివారం ఉదయం ఎండ ఎక్కకముందు ఒక గంట అనుకోండి. మీ కెమెరా రోల్‌లో 12 ఫొటోలే. గ్రౌండ్ గ్లాస్‌లో బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది, ఫ్రేమ్ సరిచేయాలంటే కెమెరాను బొమ్మ కనిపించే వైపుకు వ్యతిరేకంగా తిప్పాలి. లైట్ చూసుకోవాలి, చేత్తో వైండ్ చేయాలి. ఆ కాసేపూ వేరే ఆలోచనకు చోటుండదు. రోల్ పూర్తి చేయాలని పట్టు పట్టకండి, నాలుగు తీసి ఇంటికి వచ్చినా సరే. కడగడానికి మాత్రం పెద్ద నగరాల్లో కొరియర్‌లో రోల్స్ తీసుకునే ల్యాబ్‌లు కొన్ని ఉన్నాయి, ప్రస్తుతానికి అక్కడికి పంపండి.

మీ ఆడపడుచు మాటకు నా సమాధానం ఇది: ఆరేళ్లు మనిషిని కంటికి రెప్పలా చూసుకున్న ఆడది, ఆయన పోయిన ఏడాది తర్వాత తనకు ఇష్టమైన పని చేసుకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కావాలంటే ఈ పేజీ ఆమెకు చూపించండి.

ఒక మూడు నెలలు రిలీవర్ పెద్దగా అవసరం లేకుండా గడిచి, మీ డాక్టర్ సరేనంటే అప్పుడు ఇంట్లో కడగడం గురించి ఆలోచించవచ్చు. ఫిల్మ్ కడగడానికి చీకటి గది అక్కర్లేదు. ఛేంజింగ్ బ్యాగ్‌లో (చేతులు దూర్చి పనిచేసే, వెలుతురు చొరని సంచి) రీలుకు చుట్టి, ట్యాంక్ మూత బిగించాక మిగతా పనంతా గాలి ఆడే బాల్కనీలో వెలుతుర్లోనే చేసుకోవచ్చు. డెవలపర్ పనిని ఆపే ఆమ్ల ద్రావణం (స్టాప్ బాత్) బదులు ఫిల్మ్‌కు మంచినీళ్లు చాలు. ఆమ్ల గుణం లేని న్యూట్రల్ ఫిక్సర్ తెప్పించుకుంటే ఘాటు బాగా తగ్గుతుంది. పొడి డెవలపర్ కలిపేటప్పుడు ఆ ధూళి మీకు పడదు, ద్రవరూపంలోదే కొనండి. మెటోల్ ఉన్న డెవలపర్లతో వేళ్ల సందుల్లో దురద, పొక్కులు రావచ్చు కాబట్టి నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. నీళ్లు 20 డిగ్రీలు ఉండాలంటే మన ఎండల్లో ఐస్ గిన్నెలో సీసాలు పెట్టుకోవాలి, ద్రావణం వేడెక్కిన కొద్దీ ఆవిరి ఎక్కువ. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం రసాయనాలు పోయకండి, పిల్లలు నీళ్లనుకుని తాగేస్తారు. ప్రింట్ల కోసం తెరిచిన ట్రేలతో, మూసిన గదిలో గంటల తరబడి పనిచేయడానికి మాత్రం ఇప్పట్లో నేను ఒప్పుకోను.

పల్మనాలజిస్ట్ దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న ఇన్హేలర్లన్నీ వెంట తీసుకెళ్లండి, ఎలా పీలుస్తున్నారో ఆయన ముందు పీల్చి చూపించండి. ఆ డెవలపర్, ఫిక్సర్ సీసాల లేబుళ్లు కూడా ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి. ఏ రసాయనంతో ఏ రోజు ఆయాసం వచ్చిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే ఆయనకు పని సులువవుతుంది.